పాలతేటకీ నాచుకీ పెళ్ళిచూపులు

పాలు పొంగితే శుభం, విరిగితే అశుభం అనుకునేవాళ్ళం మనం. గృహప్రవేశంనాడు కొత్త పొయ్యి మీద పాలు పొంగించి మురిసిపోతాం. అవే పాలు మర్నాడు కాఫీ వేళకి విరిగిపోయాయనుకోండి, ఇక ఆ పూట పాలవాడి దగ్గర్నుంచి ఇంటాయన దాకా అందరికీ అక్షింతలే! కాస్త నేర్పున్న ఇల్లాలయితే ఆ పాలు పలచటి గుడ్డలో వడకట్టి, విరుగుడు ముద్దని పంచదారతో దగ్గరపెట్టి కోవాలాంటిది చేసేస్తుంది. లేదా కూరలో వేసి పన్నీరనిపిస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. మరి కింద గిన్నెలోకి దిగిన ఆ లేత పసుపుపచ్చ నీళ్ళో? కొందరు చపాతీ పిండిలో కలుపుతారు. చాలామంది తూములో పారబోస్తారు.

ఆ పారబోసే నీళ్ళ చరిత్రే ఈవేళ నేను చెప్పబోయేది. "రాయడానికి ఇంతకంటే దొరకలేదా?" అంటారేమో. చరిత్రంటే రాజులూ యుద్ధాలేనా చెప్పండి? తూములోకి పోయేవాటికీ చరిత్ర ఉంటుంది. ఆ మాటకొస్తే రాజుల చరిత్రలో సగం తూములోకి పోయిందే!

ఈ నీళ్ళకి మనలో స్థిరమైన పేరు కూడా లేదు. పెరుగు మీద తేరేదాన్ని తేట అంటాం గనక, దీన్ని పాలతేట అనుకుందాం. ఇంగ్లీషువాళ్ళు ‘వే’ అంటారు. వాళ్ళు ఛీజు చేసినప్పుడు మిగిలేది ఇదే. ఛీజుని మనవాళ్ళు జున్ను అని అనువాదం చేసేస్తూంటారు గాని, మన జున్ను ఈనిన గేదె మొదటి పాలతో వండేది. దానికీ ఛీజుకీ పేరంటానికి పిలుచుకునేంత చుట్టరికం కూడా లేదు.

ఇహ ఈ కథలో రెండో పాత్ర నాచు. నూతి గట్టు మీద పాకుడై జారదోసేది, ఆడని నీటిని ఆకుపచ్చగా మార్చేది. అందులోనూ కంటికి విడిగా ఆనని అతి సన్నని నాచు. ఒక్కొక్కటి ఒకే ఒక్క కణం. పండితులు దీన్ని సూక్ష్మ శైవలం అంటారు. పేరెంత గంభీరంగా ఉన్నా, మనం చీపురుతో గీకి పారేసేది దాని బంధువర్గాన్నే.

ఒకటి తూములో పారబోసేది, ఇంకొకటి గీకి పారేసేది. ఈ రెంటికీ సంబంధం కుదర్చాలని శాస్త్రజ్ఞులు కొంతకాలంగా తంటాలు పడుతున్నారు. పాలతేట పోసి నాచుని పెంచుతారన్నమాట. మనం ఆడపిల్ల తరఫువాళ్ళమైనా, మగపిల్లవాడి తరఫువాళ్ళమైనా ముందు వంశాలు విచారించాలి గదా! పాలతేటతో మొదలుపెడదాం.

పాలతేటది నిజానికి గొప్ప వంశమే. 1660ల్లో లండను నగరంలో పాలతేట అమ్మే దుకాణాలుండేవి. ఇప్పుడు మనం చెరుకురసం బండి దగ్గర ఆగినట్టు ఆ కాలపు పెద్దమనుషులు అక్కడ ఆగేవారు. దినచర్య రాసుకుని చరిత్రకెక్కిన శామ్యూల్ పీప్స్ అనే నౌకాశాఖ ఉద్యోగి తాను వెళ్ళి తాగొచ్చిన సంగతి కూడా రాసుకున్నాడు. స్విట్జర్లండులో ఆపెన్‌జెల్ కొండల్లోని గైస్ అనే పల్లెటూరయితే 1749 నుంచి పాలతేట వైద్యానికే పేరుపడింది. డబ్బున్నవాళ్ళు దూరదూరాల నుంచి వచ్చి, పొద్దున్నే మేకపాల తేట తాగి, కొండగాలి పీల్చి, ఆరోగ్యం బాగుపడిందని చెప్పుకుంటూ ఇళ్ళకి వెళ్ళేవారు. బాగుచేసింది పాలతేటో కొండగాలో ఆ దేవుడికే తెలియాలి.

అన్నిటికంటే నాకు నచ్చిన కథ నార్వే దేశంలోది. అక్కడి రైతులు పాలతేటని గంటల తరబడి కాచి, నీరంతా ఇగిరాక మిగిలిన గోధుమరంగు ముద్దని తినేవారు. బెల్లం పాకం పట్టే పద్ధతే అనుకోండి. 1863లో గుడ్‌బ్రాండ్స్‌డాల్ లోయలో పాడిపని చేసే ఆనే హూవ్ అనే 17 ఏళ్ళ అమ్మాయి, ఆ పాకంలో మీగడ కలిపి చూసిందట. కమ్మగా కుదిరింది. బజారులో మంచి ధర పలికింది. గడ్డురోజుల్లో ఉన్న ఆ లోయ రైతులకి అదొక ఆధారమయింది. 1933లో, తన 87వ ఏట, ఆవిడకి నార్వే రాజుగారి పతకం వచ్చింది. వంటింట్లో ఒక చేయి మీగడ ఎక్కువేసినందుకు పతకం పుచ్చుకున్నవాళ్ళు చరిత్రలో ఎంతమంది ఉంటారు చెప్పండి! మన ఇళ్ళలోనయితే "మీగడంతా తగలేశావా?" అని అడిగేవారు.

ఇంత ఘనమైన వంశంలో పుట్టిన పాలతేటకి చెడ్డపేరు ఎలా వచ్చింది? ఫ్యాక్టరీలు వచ్చాక. ఇంట్లో, పొలంలో ఛీజు చేసుకున్నంత కాలం మిగిలిన తేట పందులు తాగేవి, దూడలు తాగేవి, మనుషులూ తాగేవారు. ఎంత మిగిలిందన్న లెక్కే ఉండేది కాదు. కాని లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. ఒక కిలో ఛీజు కావాలంటే సుమారు 10 లీటర్ల పాలు కావాలి. అందులో 9 లీటర్లు పాలతేటగానే బయటకి వస్తుంది. అంటే ఫ్యాక్టరీ చేసేది ఛీజు కాదు, పాలతేటే! ఛీజు ఏదో పక్కన కాస్త వస్తుంది. రోజుకి లక్ష లీటర్ల పాలు తీసుకునే ఫ్యాక్టరీ 90 వేల లీటర్ల తేట ఎక్కడ పోసుకుంటుంది? ఊళ్ళో అన్ని పందులుండవు గదా! పక్కనే నది ఉంటే నదిలో పోసింది.

"పాలనీళ్ళేగా, విషం కాదుగా?" అనిపిస్తుంది. నాకూ చదవకముందు అలాగే అనిపించింది. విషం కాకపోవడమే దాని ప్రమాదం. ఒక లీటరు పాలతేటలో 45 నుంచి 50 గ్రాముల పాలచక్కెర ఉంటుంది, ఆపైన కాస్త మాంసకృత్తులు. అది నీళ్ళలో పడగానే బాక్టీరియాకి పెళ్ళిభోజనం దొరికినట్టవుతుంది. అవి తింటూ, పిల్లల్ని పెడుతూ, నీళ్ళలో కరిగివున్న ప్రాణవాయువునంతా పీల్చేస్తాయి. ఒక్క లీటరు పాలతేట పూర్తిగా జీర్ణం కావాలంటే 30 నుంచి 50 గ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. మంచి నదినీటిలో లీటరుకి ఉండేది 8 మిల్లీగ్రాములు, అటూ ఇటూగా. భాగించి చూడండి. ఒక్క లీటరు పాలతేట తక్కువలో తక్కువ 3,750 లీటర్ల నదినీటి ఊపిరి తీసేయగలదు! ఇళ్ళ నుంచి వచ్చే మురుగునీరు కూడా దీని ముందు పుణ్యతీర్థమే. దానికంటే పాలతేట వందరెట్లు బరువు. ఊపిరాడక చేపలు వెల్లకిలా తేలతాయి. దిగువ ఊళ్ళో బట్టలుతుక్కునే ఆడవాళ్ళు ముక్కు మూసుకుంటారు.

చివరికి చట్టాలు రావలసివచ్చింది. అమెరికాలో 1972లో నీటి కాలుష్యం మీద గట్టి చట్టం చేశారు. మన దేశంలో 1974లో వచ్చింది. "నదిలో పోయకూడదు" అనేసరికి పాల కంపెనీలకి పాలతేట మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఇంట్లో ఉంచుకోలేని కుర్రాడికి సంబంధాలు వెతకడం మొదలుపెట్టారు.

అంతకుముందు రాకపోలేదు సుమండీ సంబంధాలు! వాటిలో ఒకటి జగత్ప్రసిద్ధమయింది. 1941లో, రెండో ప్రపంచయుద్ధపు రోజుల్లో, ఇంగ్లండు నుంచి వెళ్ళిన నార్మన్ హీట్లీ, అమెరికాలో పియోరియా అనే ఊళ్ళో ఆండ్రూ మోయర్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి పెన్సిలిన్ బూజుని ఎక్కువగా పెంచడానికి అవస్థపడుతున్నాడు. మామూలు చక్కెర బదులు పాలతేటలో ఉండే పాలచక్కెర పెట్టి చూశారు. బూజు దాన్ని నెమ్మదిగా, చప్పరిస్తూ తిన్నది. ఆబగా తిన్నప్పటికంటే ఎక్కువ పెన్సిలిన్ ఇచ్చింది. మొక్కజొన్న నానబెట్టిన నీళ్ళు కూడా కలిశాక దిగుబడి ఎన్నో రెట్లయింది. అదీ పారేసే నీళ్ళే! లక్షలమంది ప్రాణాలు నిలిపిన మందు వెనుక రెండు రకాల పారబోత నీళ్ళున్నాయన్నమాట. మరో సంబంధం 1978లో ఐర్లండులో కుదిరింది. కార్క్ జిల్లాలో ఒక పాల సంస్థ పాలతేట నుంచి సారా తీయడం మొదలుపెట్టింది. ఆ సంబంధం గురించి మనం ఎక్కువ మాట్లాడుకోనక్కర్లేదు!

సరే, ఇప్పుడు అమ్మాయివైపు చూద్దాం.

నాచు తినడం కొత్త సంగతేమీ కాదు. ఆఫ్రికాలో చాద్ సరస్సు ప్రాంతంలో కనెంబు తెగ స్త్రీలు నీటిమడుగుల మీద తేలే ముదురాకుపచ్చ నాచుని గిన్నెలతో దేవి, ఇసుకలో గుండ్రటి గుంటలు చేసి పోసి, ఎండబెట్టి, బిళ్ళలుగా కోసి అమ్ముతారు. పులుసులో వేసుకు తింటారు. దాని పేరు దిహె. పిడకలు చేసినట్టుంటుంది వరస! ఈ పని తరతరాలుగా ఆడవాళ్ళదే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియేర్ డాంజార్ 1940లో దీన్ని పరిశీలించి రాసినా ఎవరూ పట్టించుకోలేదు. 1964-65లో జాన్ లెయోనార్ అనే బెల్జియం వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడి సంతలో ఈ పచ్చబిళ్ళలు చూసి ఆశ్చర్యపోయాకే లోకానికి తెలిసింది. ఇవాళ మందులషాపుల్లో స్పైరులినా పేరుతో అమ్మేది ఇదే. దీన్ని బాక్టీరియా కులంలో చేర్చాలని శాస్త్రజ్ఞులంటారు గాని, మన కళ్ళకి నాచే.

మన కథానాయిక మాత్రం ఈవిడ చెల్లెలి వరస. పేరు క్లోరెల్లా. అంటే ‘చిట్టి పచ్చనిది’ అని అర్థం. ఈ ముద్దుపేరు పెట్టినాయన మార్టినస్ బైయరింక్ అనే హాలండు దేశస్థుడు. 1851లో పుట్టారు. డెల్ఫ్ట్ పట్టణంలో ఈస్టూ సారా తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసేవారు. ఆ రోజుల్లోనే, 1890లో, చెరువునీటి నుంచి ఈ నాచుని తీసి, వేరే క్రిమి ఏదీ కలవకుండా విడిగా పెంచి చూపించారు. తొట్టెడు పప్పులో ఒక్క కందిగింజనే ఏరి, దాన్నే నాటి, పంటంతా దాని సంతానమే అనిపించడంలాంటిది ఆ పని. ఓపికంటే అదీ!

ఇందులో ఒక తమాషా ఉంది. పాలు పెరుగవడానికి కారణమైన సూక్ష్మజీవుల్లో ముఖ్యమైన వంశానికి 1901లో లాక్టోబాసిల్లస్ అని నామకరణం చేసింది కూడా ఈయనే. అంటే ఇటు పాలవైపూ, అటు నాచువైపూ రెండిళ్ళలోనూ బారసాల చేసిన పురోహితుడు. ఈ సంబంధానికి ఇంతకంటే తగిన పెళ్ళిళ్ళ పేరయ్య దొరకడు. కాని ఆయనకి ఆ ఆలోచన రాలేదు. పాపం, తాను కూడా జీవితాంతం బ్రహ్మచారిగానే ఉండిపోయారు.

తర్వాత క్లోరెల్లా పెద్దపెద్ద పరిశోధనశాలల్లో మెట్టింది. 1919 ప్రాంతంలో జర్మనీలో ఓటో వార్బుర్గ్, ఆకు ఎండని ఆహారంగా ఎలా మారుస్తుందో కనిపెట్టడానికి దీన్నే వాడారు. అమెరికాలో మెల్విన్ కాల్విన్‌కి 1961లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పరిశోధనలోనూ ఇది చేయివేసింది. ఇంత చదువుకున్న పిల్ల!

ఆ తర్వాతనే ఆశలు పెరిగిపోయాయి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, జనాభా పెరుగుతోంది, తిండి చాలదు అని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఎండబెట్టిన క్లోరెల్లాలో సగం మాంసకృత్తులే. మన కందిపప్పులో ఉండేది నాలుగోవంతు లోపే. ఇంకేం, పొలాలక్కర్లేదు, నాగళ్ళక్కర్లేదు, తొట్లలో నాచు పెంచి లోకాన్ని పోషించేద్దాం అన్నారు. 1951లో అమెరికాలో కేంబ్రిడ్జి పట్టణంలో ఒక మేడ కప్పు మీద ప్లాస్టిక్ గొట్టాల్లో నాచు పండించి చూశారు. 1953లో ఆ అనుభవాలతో కార్నెగీ సంస్థవారు పెద్ద గ్రంథమే వేశారు. టోక్యోలో హిరోషి తామియా బృందం రొట్టెల్లో, సేమ్యాల్లో, ఐస్‌క్రీములో కూడా నాచుపొడి కలిపి వడ్డించి చూసింది.

ఏమయింది మరి? మనం ఇవాళ నాచన్నం తినడం లేదు గదా! ఏమయిందంటే, లెక్క కుదరలేదు. ఒక లీటరు నీళ్ళలో పెరిగే నాచు ఎండితే గ్రామో, నాలుగు గ్రాములో. దాన్ని నీళ్ళ నుంచి వేరుచేయాలంటే, మనం మజ్జిగ నుంచి వెన్న తీసినంత సులువు కాదు. కణం ఎంత చిన్నదంటే మామూలు గుడ్డలోంచి జారిపోతుంది. యంత్రాలు కావాలి, కరెంటు కావాలి. పైగా కణం చుట్టూ గోడ గట్టిది. పగలగొట్టకపోతే మన పొట్టకి అరగదు. ఆపైన ఆ రంగూ, ఆ వాసనా! ఈలోగా 1960ల్లో కొత్త గోధుమ వంగడాలు వచ్చాయి, సోయా వచ్చింది. కిలో నాచు ఖర్చుతో అవి ఎన్నో కిలోలు పండాయి. ఆకలిగొన్నవాడి కంచంలోకి రావలసిన నాచు, బిళ్ళలుగా మారి, కడుపునిండినవాళ్ళ మందుల అలమరలో చేరింది.

అందరి విషయంలోనూ అలా జరగలేదు, చెప్పొద్దూ. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థలో 1970ల్లో జర్మనుల సహకారంతో మన ఎండకి తగినట్టు నాచు పెంచే పద్ధతులు పరిశోధించారు. మద్రాసులో మురుగప్ప చెట్టియార్ పరిశోధన కేంద్రంలో సి. వి. శేషాద్రిగారు, గ్రామాల్లో ఆడవాళ్ళు పెరట్లోనే స్పైరులినా పెంచి పిల్లలకి పెట్టుకోవచ్చని చూపించారు. పెద్ద యంత్రాలు లేవు, మట్టితొట్లూ గుడ్డ వడపోతానూ. చాద్ సరస్సు ఆడవాళ్ళ తెలివికి ఇది దగ్గరి చుట్టం. కాని ఇలాంటివి కొన్నిచోట్లే.

నాచు ఖరీదు కావడానికి ఒక పెద్ద కారణం దాని భోజనమే. ఎండ ఉచితమే గాని, తక్కినవి కొనాలి. బొగ్గుపులుసు వాయువు, నత్రజని, భాస్వరం. అంటే నీళ్ళలో ఎరువు వేయాలి. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల రైతుల్నడగండి. పేడా, సూపరూ వేసి ముందు నీళ్ళని పచ్చబరుస్తారు. ఆ పచ్చదనంలో ఉండేది ఈ సన్న నాచే. దాన్ని తిని పెరిగే పురుగుల్నీ, దాన్నీ కూడా చేపలు తింటాయి. నాచు పెంచే విద్య మనవాళ్ళకి తెలియకపోలేదు.

ఇంకో విద్య మనకి, అంటే ఆడవాళ్ళకి, అంతకంటే బాగా తెలుసు. కరివేపాకు మొక్కకి పుల్లమజ్జిగ పోస్తాం. మా అమ్మ పోసేది, మా అత్తగారు పోసేవారు, నేనూ పోస్తున్నాను. ఎందుకని అడిగితే "బాగా వస్తుంది" అంటాం. మజ్జిగలో పాల నత్రజనీ, భాస్వరమూ ఇంకా మిగిలే ఉంటాయని మనకెవరూ చెప్పలేదు. పాలతేటతో నాచు పెంచడమంటే, ఒక్క ముక్కలో, ఈ కరివేపాకు విద్యనే ఫ్యాక్టరీలో పెట్టడం.

ఆ దారికి మొదటి మెట్టు కట్టినవారు కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్. 1950ల్లో ఆయన ఊరి మురుగునీటిని లోతులేని చెరువుల్లో ఆపి అందులో నాచుని పెరగనిచ్చారు. 1957లో హెరాల్డ్ గొటాస్‌తో కలిసి ఆ సంగతంతా రాశారు. బాక్టీరియా మురికిని తిని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. నాచు దాన్ని పీల్చి ప్రాణవాయువు వదులుతుంది. అది మళ్ళీ బాక్టీరియాకి ఊపిరి. ఒకరికొకరు వండిపెట్టుకునే కాపురం! నీళ్ళు బాగుపడతాయి, నాచు పండుతుంది. నాచు అద్భుత ఆహారం కాకపోయినా మంచి పాకీపని చేస్తుందని అప్పుడు తెలిసింది. పాకీపని అంటే చిన్నచూపు వద్దు. ఊరు బతికేది ఆ పని మీదే.

పాల కర్మాగారాల నీళ్ళకీ ఇదే చేద్దామని తర్వాతివాళ్ళు బయల్దేరారు. సంబంధం అడగగానే చిక్కొకటి బయటపడింది. పాలతేటలో ఉన్న ఆస్తంతా పాలచక్కెర. క్లోరెల్లాకి అది అరగదు! మనలో కొందరు పెద్దవాళ్ళకి పాలు పడవు చూడండి, సరిగ్గా అదే జబ్బు. పాలచక్కెర అంటే రెండు చిన్న చక్కెరలు చేయీ చేయీ పట్టుకున్న జంట. ఆ చేతులు విడదీసే కత్తెర, అంటే లాక్టేజ్ అనే ఎంజైము, ఉంటేనే అరుగుతుంది. మనకి లేకపోతే పాలు మానేస్తాం. క్లోరెల్లాకి లేకపోతే ఏం చేయాలి? ముందే కత్తిరించి పెట్టాలి.

పోర్చుగల్‌లో బ్రాగా పట్టణంలోని మిన్యో విశ్వవిద్యాలయం వాళ్ళు అదే చేశారు. పాలతేటలోని చక్కెరని ముందు విడగొట్టి, ఆ తర్వాత క్లోరెల్లాకి పోశారు. 2012లో ఆ ఫలితం వెలువడింది. గాలీ వెలుతురే తిని బతికిన నాచు కంటే, వెలుతురుతోపాటు ఈ పాలతేట తిన్న నాచు రెండింతలకి మించి పెరిగింది. విడిగా కొన్న చక్కెరలు పెట్టినదానికంటే కూడా బాగా పెరిగింది. పాలతేటలో చక్కెరతోపాటు ఉండే తక్కిన పోషకాలు కూడా దానికి కలిసొచ్చాయి. పగలు ఎండలో వండుకుని, మరోవైపు పెట్టిన భోజనమూ తినే ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు మిశ్రమ పోషణ అంటారు. ఉద్యోగమూ చేస్తూ ఇంట్లో వంటా చేసే ఇల్లాళ్ళకి ఇది వివరించనక్కర్లేదు.

అయితే పెళ్ళయిపోయినట్టేనా? ఇంకా లేదు. అడ్డంకులు చెప్పకపోతే నేనూ పెళ్ళిళ్ళ పేరయ్యనే అవుతాను. చిక్కటి పాలతేట మబ్బుగా ఉండి ఎండని లోపలికి రానీయదు, పలచన చేయాలి. చక్కెర చూడగానే బాక్టీరియా ఎగబడి నాచు నోటి దగ్గర కూడు లాక్కుంటుంది; కాచి శుభ్రం చేయాలి. కాచడానికి ఖర్చు. ఎంజైముకి ఖర్చు. నాచుని నీళ్ళ నుంచి తీయడానికి ఖర్చు, ఆ పాత ఖర్చే. అలా పెరిగిన నాచుని మనుషులకి పెట్టాలంటే పరీక్షలు బోలెడు. అంచేత ముందు పశువుల దాణాగానూ, చేపల మేతగానూ, ఎరువుగానూ వాడాలని చూస్తున్నారు. ఇప్పటికీ ఈ పని చాలావరకు పరిశోధనశాలల్లోనూ చిన్నతరహా ప్రయోగాల్లోనే నడుస్తోంది.

ఈలోగా పాలతేటకి డబ్బున్న సంబంధం వచ్చింది. 1970ల్లో అతి సన్నని పొరల గుండా పాలతేటని వడపోసి మాంసకృత్తులు విడిగా తీసే విద్య ఫ్యాక్టరీల్లోకి వచ్చింది. ఆ పొడినే ఇవాళ కండలు పెంచే కుర్రాళ్ళు డబ్బాలకి డబ్బాలు కొని పాలలో కలుపుకు తాగుతున్నారు. పాలలోంచి తీసిందాన్ని మళ్ళీ పాలలో కలపడం! డబ్బా ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. గైస్ పల్లెలో ధనవంతులు తాగినదే మళ్ళీ ధనవంతుల చేతికి చేరింది. బిళ్ళలైన నాచుదీ ఇదే కథ.

కాని ఒక్కటి గమనించండి. ఆ మాంసకృత్తులు తీసేశాక కూడా పాలచక్కెర నీళ్ళు అలాగే మిగిలిపోతాయి. నది ఊపిరి తీసేది ఆ చక్కెరే. ఖరీదైనది డబ్బాలోకి పోయింది, ప్రమాదమైనది అక్కడే ఉండిపోయింది. పెద్ద ఫ్యాక్టరీలు దాన్ని ఇంకేదో చేసుకోగలవు. ఊరి చివర రేకుల షెడ్డులో పన్నీరు చేసే చిన్నవాళ్ళకి ఆ పొరలూ యంత్రాలూ ఎక్కడివి? వాళ్ళ పాలతేట ఇవాళ్టికీ ఊరి కాలవలోకే పోతుంది. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో, మన ఇళ్ళలో పన్నీరు ఎంత పెరిగితే ఆ తేటా అంత పెరుగుతుంది. ఈ పచ్చని సంబంధం అసలు కావలసింది వాళ్ళకి.

నాకు ఈ చరిత్రంతా చదివాక తోచింది ఇది. నాచుని ఒంటరిగా నిలబెట్టి "లోకం ఆకలి తీర్చు" అన్నప్పుడు అది ఓడిపోయింది. పాలతేటని ఒంటరిగా వదిలేసినప్పుడు అది నదిని చంపింది. దీని దగ్గరున్నది దానికి కావాలి, దాని పని దీనికి కావాలి అని ఎవరో కూర్చుని ఆలోచించినప్పుడే రెండూ మర్యాదకి వచ్చాయి. ఆ ఆలోచన మనకి కొత్త కాదు. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన కుడితి, కూరల తొక్కలు, దేన్నీ ఉత్తినే పారేయక దేనికి ఏది పనికొస్తుందో చూసి పెట్టిన ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చిందే అది. దాన్ని ఎవరూ శాస్త్రం అనలేదు, పొదుపు అన్నారు. కొందరయితే పిసినిగొట్టుతనం అన్నారు.

ఇక ఈ పెళ్ళి సంగతి. జాతకాలు కలిశాయి. పిల్లా పిల్లవాడూ ఒకరికొకరు నచ్చారు. మాటలు ఆగింది, మన దేశంలో ఎన్నో పెళ్ళిళ్ళు ఆగే చోటే: ఖర్చు ఎవరిది? నాచు పెంచితే ఇంత ఖర్చు అని కంపెనీ లెక్క చూపిస్తుంది. కాలవలో పారబోస్తే ఖర్చు లేదంటుంది. అందులో ఉన్న మోసమల్లా, ఆ రెండో ఖర్చు నది పెట్టుకుంటుంది, నది ఎవరికీ బిల్లు పంపదు. చేప చచ్చిన జాలరీ పంపడు. వాసనొచ్చే నీళ్ళతో గిన్నెలు తోముకునే ఆవిడా పంపదు. ఆ బిల్లు కూడా లెక్కలో వేస్తే ఈ సంబంధం ఎంత చవకో తెలుస్తుంది. నలుగురూ కూర్చుని ఆ లెక్క వేసిననాడు ముహూర్తం పెట్టేసుకోవచ్చు.